రైతు ఇంట కుక్కపిల్ల: కొరికే స్వభావం, మింగే ప్రమాదం

నాలుగు నెలల వయసున్న ఒక కుక్కపిల్ల కుడి ముందుకాలు కుంటుతున్నదని దానిని పశువైద్యశాలకు తీసుకొని వచ్చారు. దూడ తొక్కి ఉంటుందని ఇంటివారి అభిప్రాయం. కీలు వాచి ఉంది గాని ఎముక విరిగిన జాడ లేదు. పెదవి ఎత్తి చూడగా చిగుళ్లు సున్నం పూసినట్లు తెల్లగా ఉన్నాయి. శ్వాస వేగంగా ఆడుతున్నది. ఇటీవల పొలంలో ఎలుకల మందు పెట్టారా అని అడిగినప్పుడు ఆ రైతు కొంతసేపు ఆలోచించి, వరి గట్ల మీద పెట్టడానికి ఐదు రోజుల క్రితం ఎర కలిపామని, కలిపిన బేసినును కడగడానికి నూతి దగ్గర ఉంచితే కుక్కపిల్ల దానిని నాకిందని చెప్పారు. “ఆ రోజు ఏమీ కాలేదండీ, మరునాడు కూడా ఆడుకుంటూనే ఉంది. అందుకే మరిచిపోయాము” అన్నారు.

ఏమీ కాలేదు గనుక ప్రమాదం తప్పిందని అనుకొన్న ఆ నాలుగైదు రోజులే చికిత్సకు అత్యంత అనుకూలమైన కాలం. కుక్కపిల్లల పెంపకంలో టీకాలకు, నట్టల మందుకు ఇప్పుడు గ్రామాలలో సైతం తగిన ప్రాధాన్యం లభిస్తున్నది. అవి కొరికి మింగే వస్తువుల విషయంలో మాత్రం ఇంకా చెప్పులు పాడుచేస్తున్నదన్న చికాకే తప్ప ప్రాణభయం ఉన్నదన్న ఎరుక తక్కువ. పట్టణపు ఇంటి కంటే రైతు ఇంటి దొడ్డిలో ఈ భయం ఎక్కువ. అందుకు కారణం కుక్కపిల్లలో లేదు. మన దొడ్డిలో ఉంది.

కుక్కపిల్ల ఎందుకు కొరుకుతుంది?

మూడవ వారం నుండి కుక్కపిల్లకు పాల పళ్లు రావడం మొదలై, రెండు నెలల లోపు 28 పళ్లు పూర్తవుతాయి. నాలుగవ నెల సమీపించేసరికి ఇవి ఒక్కొక్కటే ఊడి, వాటి స్థానంలో శాశ్వత దంతాలు వస్తాయి. ఆరేడు నెలలకు మొత్తం 42 దంతాలు అమరుతాయి. ఈ మధ్యకాలంలో చిగుళ్లు సలుపుతాయి, దురద పెడతాయి. గట్టి వస్తువును కొరికినప్పుడు కలిగే ఒత్తిడి వాటికి ఉపశమనాన్ని ఇస్తుంది. పళ్లు వచ్చిన తర్వాత కూడా ఏడాది నిండే వరకు కొరకడం కొనసాగడం సహజమే.

పళ్ల సంగతి అటుంచితే, కుక్కపిల్లకు చేతులు లేవు. పసిబిడ్డ ఒక వస్తువును పట్టుకొని, తిప్పి, విసిరి తెలుసుకొనే సమాచారాన్ని అది ముక్కుతో, నోటితో తెలుసుకొంటుంది. కనుక కొరకడాన్ని పూర్తిగా మాన్పించాలనే ప్రయత్నం ఫలించదు, అవసరమూ లేదు. ఏది కొరకాలో నేర్పడం, కొరకకూడనివి అందకుండా చేయడం, నోట పట్టిన దానిని మింగకుండా వదిలేటట్లు అలవాటు చేయడం అనే మూడు పనులే మన చేతిలో ఉన్నవి.

మట్టి, సున్నం, గుడ్డపీలికలు, పేడ వంటి వాటిని ఆబగా తింటున్న కుక్కపిల్ల విషయం కొంత వేరు. కడుపులో ఏలికపాములు, కొంకి పురుగులు ఉన్నప్పుడు, రక్తహీనత ఉన్నప్పుడు, గంజి అన్నమే ఆహారమై మాంసకృత్తులు చాలనప్పుడు ఈ లక్షణం కనిపిస్తుంది. రెండు వారాల వయసు నుండి ఎనిమిది వారాల వరకు రెండు వారాలకొకసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకొకసారి నట్టల మందు ఇవ్వడం అవసరం. ఈ పని చేయకుండా శిక్షణ మొదలుపెట్టడం వృథా ప్రయాస.

కొరకడానికి ఇవ్వదగినవి

పాత చెప్పును ఆటవస్తువుగా ఇవ్వడం మన ఇళ్లలో సర్వసాధారణం. కుక్కపిల్లకు పాత చెప్పు, కొత్త చెప్పు అనే భేదం తెలియదు. తోలు వాసన, మనిషి వాసన గల వస్తువు కొరకడానికి అనుమతి ఉన్న వస్తువని మాత్రమే అది నేర్చుకొంటుంది. పాత గోనె ముక్క, చిరిగిన తువ్వాలు, ఖాళీ ప్లాస్టిక్ సీసా విషయంలోనూ ఇంతే. ఈ రోజు నీళ్ల సీసాతో ఆడుకొన్న కుక్కపిల్ల రేపు పురుగుమందు సీసాతో ఆడుకొంటుంది.

ఇవ్వదలచిన వస్తువు కుక్కపిల్ల నోటిలో పూర్తిగా పట్టనంత పెద్దదై ఉండాలి. గట్టిదనాన్ని పరీక్షించడానికి బొటనవేలి గోరు చాలు. గోటితో నొక్కినప్పుడు కొద్దిగానైనా లొంగని వస్తువు పంటిని విరగగొట్టగలదు. గట్టి రబ్బరు బొమ్మలు, మధ్యలో బోలుగా ఉండి ఆహారం కూరడానికి వీలున్న రబ్బరు వస్తువులు మంచివి. ఖర్చు పెట్టలేని వారు చల్లబరచిన లావుపాటి క్యారెట్టును ఇవ్వవచ్చు. మందపు నూలుగుడ్డను తడిపి, ముడివేసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే చిగుళ్ల సలుపు తగ్గుతుంది. గుడ్డ ఇచ్చినప్పుడు ఎవరైనా దగ్గర ఉండాలి. పోగులు ఊడడం మొదలు కాగానే తీసివేయాలి.

వండిన కోడి ఎముకలు నిలువుగా చీలి మొనదేలుతాయి. ఆదివారం విస్తళ్లను కుక్కపిల్ల ముందు పారవేయడం మానుకోవాలి. కొబ్బరి పీచు, గింజలు ఒలిచిన మొక్కజొన్న కండె, మామిడి టెంక ఇవ్వదగినవి కావు. ఈ చివరి రెండింటి గురించి ముందు మరికొంత చెప్పవలసి ఉంది.

నోటి నుండి లాక్కోవడం కాదు, మార్పిడి

కుక్కపిల్ల ఏదో నోట కరచుకొని కనిపించగానే ఇంటిల్లిపాదీ దాని వెంట పరుగెత్తడం, పట్టుకొని దవడలు విప్పి లాగడం, ఆపైన ఒక దెబ్బ వేయడం మనం తరచుగా చూసేదే. ఇందులో కుక్కపిల్ల రెండు సంగతులు నేర్చుకొంటుంది. వెంటబడడం ఒక ఆట అన్నది మొదటిది. మనుషులు దగ్గరకు వస్తే నోటిలోనిది పోతుంది గనుక త్వరగా మింగివేయాలి అన్నది రెండవది. కేవలం కొరికి వదిలివేయవలసిన వస్తువును మింగే వస్తువుగా మార్చేది చాలా సందర్భాలలో మన తొందరే. గంట క్రితం చిరిగిన దిండును చూపి కొట్టడం వల్ల కూడా ప్రయోజనం లేదు. ఆ దెబ్బకు, ఆ దిండుకు గల సంబంధం దానికి అర్థం కాదు. యజమాని ఇంటికి రావడానికి, దెబ్బకు మధ్య సంబంధం మాత్రం బాగా అర్థమవుతుంది.

దీనికి బదులుగా మార్పిడి పద్ధతిని ఎనిమిదవ వారం నుండే మొదలుపెట్టవచ్చు. కుక్కపిల్ల తన రబ్బరు బొమ్మను కొరుకుతున్నప్పుడు దాని పక్కన కూర్చొని, ఉడికించిన కోడిమాంసపు ముక్కనో, గుడ్డు ముక్కనో దాని ముక్కు దగ్గరకు తేవాలి. తినడానికి అది నోరు తెరవక తప్పదు. బొమ్మ జారిన క్షణంలో “వదులు” అని ఒకే మాట, ఒకే స్వరంతో చెప్పి ముక్కను ఇవ్వాలి. వెంటనే బొమ్మను కూడా తిరిగి ఇచ్చివేయాలి. తిరిగి ఇవ్వడం ఈ శిక్షణకు ప్రాణం. వదిలినందువల్ల తాను నష్టపోలేదన్న నమ్మకం కుక్కపిల్లకు కలగాలి. రోజుకు నాలుగైదు సార్లు, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు చాలు. వారం పది రోజులకు ముక్కను చూపకుండా ముందు మాట చెప్పి, వదిలిన తర్వాత ముక్క ఇవ్వాలి. ఇంటిలో ఒకరు “వదులు” అని, మరొకరు “పారెయ్” అని, పిల్లలు ఇంగ్లీషులో ఇంకొకటి అంటే కుక్కపిల్లకు ఏదీ పట్టుబడదు. మాట ఏదైనా ఒకటే ఉండాలి.

నేల మీద ఉన్న వస్తువును ముట్టకుండా ఉండడం మరొక పాఠం. పిడికిలిలో ఆహారపు ముక్కను ఉంచి ముందు చాచాలి. కుక్కపిల్ల నాకుతుంది, గీరుతుంది, చివరకు విసిగి తల వెనక్కి తీసుకొంటుంది. ఆ క్షణంలో “వద్దు” అని చెప్పి, రెండవ చేతితో మరొక ముక్కను ఇవ్వాలి. పిడికిలిలో ఉన్నది ఎన్నటికీ ఇవ్వరాదు. క్రమంగా పిడికిలి విప్పి, తర్వాత ముక్కను నేలపై ఉంచి సాధన చేయించాలి. పొలానికి వెంట తీసుకుపోయే కుక్కకు ఈ ఒక్క మాట వచ్చి ఉండడం ఎంతో మేలు. అయితే ఎంత శిక్షణ పొందిన కుక్కపిల్లనైనా ఆకలి, వాసన జయిస్తాయి. పాఠం పూర్తయ్యే వరకే కాదు, ఆ తర్వాత కూడా ప్రమాదకర వస్తువులను అందకుండా ఉంచవలసిందే.

ఎవరూ చూసేవారు లేని వేళలలో కుక్కపిల్లను ఒక చిన్న కంచెలోనో, ఖాళీ గదిలోనో నీరు, కొరికే బొమ్మలతో ఉంచడం శిక్ష కాదు. చిన్న కుక్కపిల్ల రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది. మెలకువగా ఉన్నప్పుడు ఆట, నడక లేకుండా రోజంతా గుంజకు కట్టివేసిన కుక్కపిల్ల కట్టిన తాడునే కొరికి మింగడం మనం ఎరుగనిది కాదు.

ఎరలు: ఆకర్షించడానికే తయారైన విషాలు

పురుగుమందుల సీసాలు ఘాటైన వాసన వేస్తాయి. చాలా కుక్కలు వాటి జోలికి పోవు. ఎరల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. ఎలుకల నివారణకు మనం సిఫారసు చేసే జింక్ ఫాస్ఫైడ్ ఎరలో 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు వంట నూనె, 2 పాళ్లు మందు ఉంటాయి. బ్రోమడయోలోన్ ఎర కూడా ఇదే నిష్పత్తిలో తయారవుతుంది. పొగాకు లద్దె పురుగు కోసం కలిపే విషపు ఎరలో తవుడు, బెల్లం ఉంటాయి. అనుమానం కలగకుండా జీవి తినడానికే ఈ పదార్థాలను ఎంచుకొన్నారు. ఎలుకకు రుచించే నూనె పట్టించిన నూకలు, బెల్లం కలిపిన తవుడు కుక్కపిల్లకు రుచించవని ఆశించడం ఎట్లా?

జింక్ ఫాస్ఫైడ్ జఠరంలోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుదల చేస్తుంది. అధిక జంతుజాతులకు శరీర బరువులో కిలోకు 20 నుండి 40 మిల్లీగ్రాములు ప్రాణాంతకం. నాలుగు కిలోల కుక్కపిల్లకు ఈ లెక్కన 80 నుండి 160 మిల్లీగ్రాములు సరిపోతుంది. పైన చెప్పిన నిష్పత్తిలో కలిపిన ఎరలో అది సుమారు 10 గ్రాముల లోపే, అంటే ఒక చిన్న కాగితపు పొట్లంలో ఉంటుంది. చాలావరకు కొద్ది గంటలలోనే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, వణుకు కనిపిస్తాయి. దీనికి విరుగుడు మందు లేదు. లక్షణాలకు చికిత్స మాత్రమే ఉంది. వాంతి నుండి వెల్లుల్లి లేదా కుళ్లిన చేప వాసన రావచ్చు. ఆ వాయువు మనుషులకూ హానికరం గనుక వాంతిని వంగి వాసన చూడరాదు. వాహనంలో తీసుకుపోయేటప్పుడు కిటికీలు తెరచి ఉంచాలి.

బ్రోమడయోలోన్ పనిచేసే తీరు వేరు. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని కారకాలను కాలేయం తయారుచేయాలంటే విటమిన్ కె కావాలి. ఈ మందు ఆ విటమిన్ పునర్వినియోగాన్ని అడ్డుకొంటుంది. అప్పటికే రక్తంలో ఉన్న కారకాలు ఖర్చయ్యే వరకు, అంటే రెండు మూడు రోజుల వరకు బయటికి ఏమీ కనిపించదు. మూడు నుండి ఐదు రోజులకు కీళ్లలో, రొమ్ము కుహరంలో, పేగులలో రక్తస్రావం మొదలవుతుంది. కుంటడం, ఆయాసం, నీరసం, తెల్లబడిన చిగుళ్లు, ముక్కు నుండి రక్తం, నల్లని విరేచనం దీని లక్షణాలు. మొదట పేర్కొన్న కుక్కపిల్ల కుంటడానికి కారణం దూడ కాదు, కీలులో చేరిన రక్తం.

ఎర కలిపే బేసిను, కర్ర, చేతి తొడుగులు, మిగిలిన నూకలు, పొట్లాలు కట్టగా మిగిలిన కాగితాలు అన్నీ కుక్కపిల్లకు ఎరలే. కలపడం ఇంటి వద్ద కాక పొలంలోనే చేయడం మంచిది. పొట్లాలను కన్నాల లోపలికి నెట్టి మట్టితో మూయాలి. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టాలి. వాటిని తిన్న కుక్కకు కూడా విషం సోకవచ్చు. ఇంటిలో, కొట్టంలో పెట్టవలసి వస్తే ఎలుక మాత్రమే దూరగల ఎర పెట్టెలను వాడాలి. నత్తలకు వేసే మెటాల్డిహైడ్ గుళికల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అవి తిన్న కుక్కకు తీవ్రమైన వణుకు, మూర్ఛలు, అధిక జ్వరం వస్తాయి.

దొడ్డిలో మరికొన్ని

ఆముదపు పిండిని సేంద్రియ ఎరువుగా వాడే రైతులు దానిని విషపదార్థంగా భావించరు. ఆముదపు గింజలో రిసిన్ అనే విషపు మాంసకృత్తు ఉన్నది. నూనె తీసినప్పుడు అది నూనెలోకి రాక పిండిలోనే నిలిచిపోతుంది. తగినంత వేడితో విషం తొలగించని పిండిని, అందులోనూ ఎముకల పొడి కలిపిన దానిని, కుక్కలు ఇష్టంగా తింటాయి. గులాబీ కుండీలను, కొత్తగా నాటిన మామిడి పాదులను తవ్వి తిన్న కుక్కపిల్లలకు కొన్ని గంటల నుండి రెండు రోజుల లోపు వాంతులు, రక్తవిరేచనాలు, తీవ్ర నీరసం వస్తాయి. దీనికీ విరుగుడు లేదు. పాదులో వేసిన పిండిని మట్టిలో బాగా కలిపి, కొన్నాళ్లు ముళ్ల కంప అడ్డం పెట్టడమే మార్గం. యూరియా పశువులకు ఎంత ప్రమాదమో కుక్కకు అంత కాదు, దానికి నెమరువేసే పొట్ట లేదు గనుక. ఈ కారణంగా ఎరువులన్నింటినీ ఒకే గాటన కట్టి, యూరియా తిన్నా ఏమీ కాలేదు గనుక ఆముదపు పిండి తిన్నా కాదని అనుకోవడం పొరపాటు.

విత్తనశుద్ధి చేసిన వేరుశనగ విత్తనాలు మరొక ఎర. విత్తగా మిగిలిన వాటిని గోతంలో ఉంచి వసారాలో వదలరాదు. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నలలోని అఫ్లటాక్సిన్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పశువులకు పనికిరాదని తీసిన దాణా కుక్కకు పనికివస్తుందన్న లెక్క సరికాదు. పిచికారీ యంత్రం కడిగిన నీటి గుంట, గుళికల మందు చిందిన నేల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సేంద్రియ భాస్వర పురుగుమందులు లోనికి పోతే నోటి నుండి చొంగ, కంటి నీరు, విరేచనాలు, సూదిమొనలా కుంచించుకుపోయిన కంటిపాప, కండరాల వణుకు కనిపిస్తాయి. వీటికి అట్రోపిన్ ఉన్నది, సమయానికి చేరితే.

విషం కాకపోయినా ప్రాణం తీసేవి ఉన్నాయి. మామిడి టెంక, మొక్కజొన్న కండె ముక్క జఠరంలో కరగవు. చిన్న పేగులో ఇరుక్కొంటాయి. ఇవి ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించవు కూడా. తిన్నది తిన్నట్లు కక్కుతూ, మలవిసర్జన లేక, నడుము వంచి నిలబడే కుక్కపిల్లకు పార్వో సోకిందని భావించి సెలైన్లు ఎక్కిస్తూ కాలం గడిపిన సందర్భాలు లేకపోలేదు. “టెంక ఒకటి కనిపించడం లేదు” అని ఇంటివారు చెప్పే ఒక్క మాట వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది. గోతాలు కుట్టే దారం, పురికొస, పూలదండ దారం మింగినప్పుడు ఒక కొస నాలుక కింద గాని, జఠరంలో గాని చిక్కుకొని, పేగు ఆ దారం మీద ముడుతలు పడి కోసుకొనిపోతుంది. నోటి నుండి గాని, మలద్వారం నుండి గాని వేలాడుతున్న దారాన్ని ఎట్టి పరిస్థితులలోనూ లాగరాదు.

తొలకరిలో ఒంటిపై బుడిపెలున్న పెద్ద కప్పను కరచి నురగలు కక్కే కుక్కపిల్ల నోటిని, తల కిందికి వంచి పక్క నుండి నీటి ధారతో కడగాలి. గన్నేరు కొమ్మలను నరికి దొడ్డిలో వేయరాదు. అది గుండెను దెబ్బతీస్తుంది. మోటారు తీగలు, వంటింటిలో చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, అలమరలో పారాసిటమాల్, డైక్లోఫెనాక్ మాత్రలు అందరూ దూరంగా ఉంచవలసినవే.

మింగినట్లు తెలిసినప్పుడు

ఉప్పునీరు, సబ్బునీరు, చింతపండు రసం, నూనె తాగించడం చేయరాదు. ఉప్పు ఎక్కువైతే అదే విషమవుతుంది. బలవంతంగా పోసిన ద్రవం ఊపిరితిత్తులలోకి పోతుంది. పాలు, నూనె కొన్ని విషాలను మరింత త్వరగా ఒంటికి పట్టిస్తాయి. కిరోసిన్, ఆమ్లాలు, మొనదేలిన వస్తువులు మింగినప్పుడు, కుక్కపిల్ల మగతగా ఉన్నప్పుడు వాంతి చేయించడం ప్రాణాంతకం. వాంతి చేయించాలా వద్దా అన్నది వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. తిన్న గంట రెండు గంటల లోపు చేరితేనే దాని వల్ల ఎక్కువ ప్రయోజనం.

నోటిలో మిగిలినది తడిగుడ్డతో తుడిచి, మందు డబ్బాను లేదా పొట్లాన్ని వెంట తీసుకొని బయలుదేరాలి. ఏది, ఎంత, ఎప్పుడు అన్న మూడింటికి సమాధానం సిద్ధంగా ఉండాలి. “ఎలుకల మందు” అని మాత్రమే చెబితే చాలదు. నల్లని జింక్ ఫాస్ఫైడ్ పొడికి, బ్రోమడయోలోన్‌కు చికిత్స వేర్వేరు. మందు చల్లిన రోజులలో మందు ఒంటిపై పడి ఉంటే చేతికి తొడుగు వేసుకొని సబ్బుతో కడిగి తీసుకుపోవాలి. సమీపంలో పశువైద్యశాల లేనప్పుడు 1962 నంబరుకు ఫోన్ చేసి సలహా కోరవచ్చు. లక్షణాలు కనిపించే వరకు ఎదురుచూడరాదు.

నూతి దగ్గర బేసిను నాకిన ఆ కుక్కపిల్లకు పెద్ద కుక్క నుండి రక్తం ఎక్కించి, కె1 విటమిన్ ప్రారంభించారు. మందుల దుకాణాలలో దొరికే కె3 ఇందుకు పనిచేయదు. ఈ భేదం తెలియక కొన్న మందుతో రెండు రోజులు వృథా కావచ్చు. మూడవ రోజుకు చిగుళ్లకు రంగు వచ్చింది. మాత్రలను నాలుగు వారాలు ఆపకుండా ఇవ్వవలసి ఉంటుందని, పది రోజులకే కుక్కపిల్ల చురుకుగా తిరిగినా మానరాదని, మందు మానిన 48 గంటల తర్వాత రక్తం గడ్డకట్టే సమయాన్ని పరీక్షించుకోవాలని ఆ రైతుకు కాగితం మీద రాసి ఇచ్చారు. ఆయన నాలుగు వారాలూ ఇచ్చారు. పరీక్షకు తెచ్చిన నాడు కుక్కపిల్లకు కోర పళ్లు రెండూ వచ్చి ఉన్నాయి, మెడకు కట్టిన గొలుసును కొరుకుతున్నది.